గోడకు వేసే సున్నం, తప్పుకు వేసే సున్నం

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

దసరా దగ్గర పడుతున్న ఈ రోజుల్లో మాకు చేరిన ఉత్తరాల్లో చాలా వరకు సున్నం గురించే ఉన్నాయి. ఇళ్లకు సున్నాలు వేయించే కాలం కావడం ఇందుకు ఒక కారణం. క్రికెట్ వార్తల్లోనూ విచారణ నివేదికల వార్తల్లోనూ “వైట్‌వాష్” అన్న మాట వేర్వేరు అర్థాల్లో కనిపిస్తూ ఉండడం మరొక కారణం. ఒక సమాధానం తరువాతి దానికి ఆధారమయ్యేలా కొన్నింటిని ఎంచి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మా తరగతిలో ఒక విద్యార్థి దినపత్రిక పట్టుకొని వచ్చి, “టీచర్, గోడకు సున్నం వేయడం మంచి పనే కదా, మరి తప్పును కప్పిపుచ్చడాన్ని కూడా వైట్‌వాష్ అని ఎందుకు రాస్తారు?” అని అడిగాడు. వాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు సున్నం చేసే పనిలోనే ఉంది కాబట్టి ముందుగా దానిని చూద్దాం. సున్నపురాయిని బట్టీలో పెట్టి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి, 100 కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి, మరిగి, మెత్తని తడి సున్నంగా మారుతుంది. ఆ తడి సున్నాన్ని పలుచగా కలిపి గోడకు పూసిన తరువాత అది గాలిలో నుంచి ఆ వాయువునే తిరిగి తీసుకొని, రోజులు గడిచేకొద్దీ గట్టిపడి మళ్లీ సున్నపురాయి అవుతుంది. మనం గోడకు రంగు వేశామని అనుకుంటాము గాని నిజానికి ఒక పలుచని రాతిపొరను కప్పుతున్నాము. మంచిర్యాల, పెద్దపల్లి ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలియడానికి కారణం కూడా అక్కడి నేలలో దొరికే ఈ రాయే.

తడి సున్నానికి క్షార గుణం చాలా ఎక్కువ. అది తాజాగా ఉన్నంత వరకు దాని మీద బూజు గాని సూక్ష్మజీవులు గాని బతకడం కష్టం. అందుకే అంటురోగాల కాలంలో ఇళ్లకూ పశువుల కొట్టాలకూ ఆసుపత్రులకూ సున్నం వేయించేవారు. నీరా పులిసి కల్లుగా మారకుండా ఉండాలని గీత కార్మికులు కుండ లోపల సున్నం రాసేది కూడా ఈ గుణం తెలిసే. కాబట్టి మీ విద్యార్థి అన్నది అక్షరాలా నిజం. సున్నం వేయడం మంచి పని.

అయితే పని తెలిసిన మేస్త్రీ వచ్చీ రాగానే కుంచె ముంచడు. పాత పొర పెచ్చులుగా లేచిన చోట గీకుతాడు, చెద పట్టిన చోట తవ్వుతాడు, పగుళ్లలో డంగు సున్నం కూరుతాడు, గోడంతా నీళ్లు చల్లి తడుపుతాడు. మొదటి పూత నిలువుగా, రెండవ పూత అడ్డంగా వేసేది ఆ తరువాతే. ఈ వరుసలో మొదటి సగాన్ని పూర్తిగా వదిలేసి రెండవ సగం మాత్రమే చేసినా పండుగ నాటికి గోడ అంతే తెల్లగా కనిపిస్తుంది. వచ్చిన చుట్టాలెవరికీ తేడా తెలియదు. పగులు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. తప్పును కప్పిపుచ్చడానికి లోకం ఈ పనినే ఉపమానంగా తీసుకున్నది ఇందువల్లనే.

ఈ ఉపమానం చాలా పాతది. బైబిలులో మత్తయి సువార్త 23వ అధ్యాయంలో యేసు, పైకి ధర్మపరులుగా కనిపిస్తూ లోపల కల్మషంతో నిండినవారిని సున్నం కొట్టిన సమాధులతో పోలుస్తాడు. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో పౌలు, న్యాయం చెప్పడానికి కూర్చొని తనను అన్యాయంగా కొట్టమని ఆజ్ఞాపించిన ప్రధాన యాజకుణ్ణి సున్నం కొట్టిన గోడ అని సంబోధిస్తాడు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆనాటి యూదులు సమాధులకు సున్నంతో గుర్తు పెట్టింది, పండుగకు దూరప్రాంతాల నుంచి వచ్చే యాత్రికులు తెలియక వాటిని తాకి మైలపడకుండా హెచ్చరించడానికి. ఇక్కడ సమాధి ఉందని చూపించడానికి పుట్టిన తెలుపే, లోపల ఉన్నది కనబడనీయని తెలుపుగా ఉపమానంలోకి మారింది. 18వ శతాబ్దపు ఇంగ్లాండులోనైతే, అప్పులు తీర్చలేక న్యాయస్థానం ద్వారా విముక్తి పొందినవాణ్ణి కూడా సున్నం వేయించుకొని వచ్చినవాడని అనేవారు. మన వైపు ఇటువంటి పనిని మసిపూసి మారేడుకాయ చేయడమని అంటాము.

మీ తరగతిలో ఈ చివరి ముక్క చెప్పండి. సున్నం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. గీకవలసినదాన్ని గీకకుండా పూయడం మీదనే ఫిర్యాదు. తక్కిన ఉత్తరాలకు కూడా మేము ఈ కొలతనే వాడబోతున్నాము.

ప్రశ్న: మాది తాతల నాటి డంగు సున్నం గోడల ఇల్లు. కొన్నేళ్ల కిందట గోడలకు సిమెంటు పూత పూయించి, దాని మీద ప్లాస్టిక్ పెయింట్ వేయించాము. ఇప్పుడు అడుగు నుంచి నడుము ఎత్తు వరకు చెమ్మ ఎక్కి పెయింట్ బుడగలుగా లేస్తోంది. పుట్టీ పెట్టి మళ్లీ రంగు వేస్తే సరిపోతుందని పెయింటర్ అంటున్నాడు. పండుగలోపు అలా చేయించమంటారా?
– ఒక గృహస్థుడు, జనగామ

సమాధానం: చేయించవద్దు. పుట్టీ పెడితే పండుగ వెళ్లిపోతుంది గాని చెమ్మ వెళ్లదు, వచ్చే వానాకాలానికి బుడగలు ఇంకొంచెం పైకి పాకుతాయి.

మీ ఇంటి గోడ కట్టిన కాలంలో సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో తిప్పి, కొన్ని చోట్ల బెల్లపు నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కూడా పోసి డంగు చేసేవారు. అటువంటి గోడలో సన్నని రంధ్రాలు ఉంటాయి. నేలలో నుంచి పునాది గుండా ఎక్కిన తడి ఆ రంధ్రాల గుండానే బయటికి ఆవిరై పోతుంది. తడి రావడం, పోవడం రెండూ ఆ గోడకు కొత్త కాదు. మీరు పైన పూయించిన సిమెంటు, దాని మీది ప్లాస్టిక్ పెయింట్ కలిసి ఆ పోయే దారిని మూసివేశాయి. లోపల చిక్కిన తడి, తనతో తెచ్చిన లవణాలను పూత వెనుక పేర్చుకుంటూ పోతుంది. అవి స్ఫటికాలుగా పెరిగే ఒత్తిడికే పెయింట్ బుడగలై లేస్తుంది, వెనుక ఉన్న డంగు కూడా పొడి పొడిగా రాలుతుంది.

కాబట్టి ముందు తడి ఎక్కడి నుంచి వస్తున్నదో చూడండి. గూన పెంకుల అంచు నుంచి కారే వాన నీరు గోడ మొదట్లో పడుతున్నదా, వాకిట్లో పరచిన గచ్చు ఇంటి వైపు వాలిందా, స్నానాల నీళ్ల కాలువ పునాది పక్క నుంచే పోతున్నదా అన్నవి చూసుకొని మరమ్మతు చేయించండి. తరువాత చెమ్మ ఎక్కిన ఎత్తుకు మించి ఇంకో మూరెడు పైదాకా పెయింట్‌నూ సిమెంటు పూతనూ పూర్తిగా తీయించి, గోడను ఎండనివ్వండి. ఇందుకు ఒక వేసవి పట్టవచ్చు. ఈ దసరాకు గోడ గీకి ఉన్నట్టే కనిపించినా నష్టం లేదు, బతుకమ్మకు వచ్చే ఆడబిడ్డలకు కారణం చెప్పండి. ఎండిన తరువాత సున్నం, ఇసుక కలిపిన పూత పూయించి, దాని మీద సున్నం వేయించండి.

వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. రాతి సున్నాన్ని కొన్ని రోజుల ముందే నానబెట్టి, పలుచని బట్టలో వడగట్టాలి. నీళ్లు పోసేటప్పుడు అది మరిగి చిందుతుంది, ఆ చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలను దగ్గరికి రానివ్వకుండా, పోసేవారు కళ్లద్దాలు పెట్టుకొని దూరం నుంచి పోయాలి. చేతికి అంటకుండా ఉండడానికి గంజి గాని తుమ్మబంక గాని కలపవచ్చు. ఉప్పు కలిపే అలవాటు కొందరికి ఉంది, కాని ఉప్పు గాలిలోని తడిని లాగుతుంది కనుక మీ గోడకు అది పనికిరాదు. పూత చిక్కగా ఒక్కసారే వేస్తే పెచ్చులు లేస్తుంది, పలుచగా రెండు మూడు సార్లు వేయాలి. తడిగా ఉన్నప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, తెలుపు ఆరిన తరువాత తేలుతుంది కాబట్టి అప్పటికప్పుడు చిక్కగా వేయమని పనివారిని తొందరపెట్టకండి. కొద్దిగా నీలిమందు కలిపితే పసుపు చాయ పోతుంది. ప్లాస్టిక్ పెయింట్ మిగిలిన చోట మాత్రం సున్నం పట్టదు.

మీ ఇంటికి స్లాబు వేసిన భాగం ఉంటే దాని మీద కూడా సున్నం వేయించండి. ఓరుగల్లు వేసవి ఎండలో తెల్లని కప్పు ఎండను చాలా వరకు తిప్పికొట్టి కింది గదిని చల్లగా ఉంచుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానానికి మూలం కూడా ఈ సూత్రమే.

ప్రశ్న: మా ఊరికి పెద్ద నాయకులెవరైనా వస్తున్నారంటే చాలు, ముందు రోజు రాత్రే రోడ్డుకు రెండు పక్కలా సున్నం గీతలు పోస్తారు, మురికి కాలువల అంచున తెల్లని పొడి చల్లుతారు. దానివల్ల దోమలైనా చస్తాయా?
– ఒక పాఠకుడు, ములుగు

సమాధానం: దోమలు చావవు. దోమ పెరిగేది కాలువలో నిలిచిన నీటిలో, పొడి పడేది గట్టు మీద. పైగా తెరిచి ఉంచిన బస్తాలో చాలా కాలం ఉన్న సున్నం గాలికి అప్పటికే మామూలు సుద్దగా మారి ఉంటుంది, దానికి సూక్ష్మజీవులను చంపే శక్తి మిగలదు. జాతర వంటి చోట్ల, తాజా సున్నాన్ని మరుగుదొడ్ల గుంతల్లో తగినంత పోస్తే ప్రయోజనం ఉంటుంది. కాలువ పూడిక తీయకుండా గట్టుకు తెల్లగీత పోయడం మొదటి ఉత్తరంలో చెప్పిన రెండవ రకం సున్నమే, దానిని పోసేది నిజమైన సున్నంతోనే అయినా సరే. నాయకులు వచ్చిన రోజున ఆ గీతను దాటించి కాలువ దగ్గరికి తీసుకువెళ్లి చూపించే హక్కు మీ ఊరివారికి ఉంది, దానిని వాడుకోండి.

ప్రశ్న: ఏదైనా దుర్ఘటన మీద విచారణ జరిపి “ఎవరి తప్పూ లేదు” అని నివేదిక ఇస్తే ప్రతిపక్షంవారు వెంటనే వైట్‌వాష్ అంటారు, పాలకులు నిర్దోషిత్వం రుజువైందంటారు. ఈ రెండింటిలో ఏది నిజమో ఒక సామాన్య పాఠకుడు ఎలా తేల్చుకోవాలి? చరిత్ర రాయడంలో కూడా ఇదే సమస్య ఎదురవుతోంది.
– ఒక పరిశోధక విద్యార్థి, కాకతీయ విశ్వవిద్యాలయం

సమాధానం: మొదటగా ఒక మాట. తప్పు లేదని చెప్పిన నివేదిక ప్రతిదీ వైట్‌వాష్ కాదు. గోడను గీకి చూసి, పగులు లేదని తేలిన తరువాత వేసిన సున్నం నిజాయతీ గల సున్నమే. అందువల్ల నివేదిక చివరి వాక్యాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు, ఆ వాక్యానికి ముందు ఏం జరిగిందో చూడాలి.

మన దేశ చరిత్రలో ఇందుకు బాగా పనికివచ్చే ఉదాహరణ జలియన్‌వాలాబాగ్. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో డయ్యర్ జరిపించిన కాల్పుల్లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. కాంగ్రెసు సొంతంగా జరిపిన విచారణ మృతులు సుమారు 1000 మంది అని చెప్పింది. పంజాబు ఘటనల మీద ప్రభుత్వం లార్డ్ హంటర్ అధ్యక్షతన సంఘాన్ని వేసింది. అయితే ఆ సంఘం తన పని ముగించకముందే, 1919లోనే, అధికారులకు రక్షణ కల్పిస్తూ ఒక చట్టం చేసింది. మోతీలాల్ నెహ్రూ మొదలైనవారు తీవ్రంగా ఖండించిన ఆ బిల్లుకు ప్రజల్లో వచ్చిన పేరే వైట్‌వాషింగ్ బిల్లు. విచారణ ఫలితం రాకముందే శిక్ష లేదని నిర్ణయించడం కన్నా స్పష్టమైన గుర్తు ఇంకొకటి ఉండదు.

1920లో వెలువడిన ఆ నివేదికను చదివినవారికి ఇంకో సంగతి తెలుస్తుంది. సంఘంలోని అయిదుగురు ఆంగ్లేయ సభ్యులు కూడా డయ్యర్‌ను తప్పుపట్టారు, హెచ్చరిక లేకుండా కాల్చడమూ జనం చెదిరిపోతున్నా కాల్పులు ఆపకపోవడమూ తప్పేనన్నారు. కాని పంజాబులో సైనిక శాసనం విధించడం మాత్రం సమంజసమేనని సమర్థించారు. చిమన్‌లాల్ సెతల్వాడ్, జగత్ నారాయణ్, సుల్తాన్ అహ్మద్ అనే ముగ్గురు భారతీయ సభ్యులు దానిని ఒప్పుకోక వేరే నివేదిక రాశారు. అధికారుల నివేదికను గాంధీజీ పలుచని ముసుగు కప్పిన వైట్‌వాష్‌గా వర్ణించారు. తప్పు ఒకటుందని ఒప్పుకొంటూనే దానిని ఒక మనిషి తొందరపాటుగా కుదించి, ఆ మనిషిని నడిపిన పాలనను పక్కకు తప్పించడం వైట్‌వాష్‌లో అన్నిటికన్నా నేర్పుగా చేసే పని. మీరు నేటి నివేదికలను చదివేటప్పుడు, చిన్న ఉద్యోగి ఒకరిని దోషిగా చూపి అక్కడితో ఆగినవాటిని ప్రత్యేకంగా శ్రద్ధతో చదవండి.

కాబట్టి చూడవలసినవి ఇవి: విచారణకు అప్పగించిన అంశాల్లో అసలు ప్రశ్న ఉన్నదా లేక దానిని మొదటే వదిలేశారా, నష్టపోయినవారిని పిలిచి విన్నారా, వారి వాంగ్మూలాలు నివేదికకు జతచేశారా, భిన్నాభిప్రాయం చెప్పిన సభ్యుని మాటను అచ్చు వేశారా. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం, ఆ చట్టం కింద నియమించిన కమిషన్ నివేదికను, దాని మీద తీసుకున్న చర్యల వివరంతో సహా, అందిన 6 నెలల్లోగా చట్టసభ ముందు పెట్టాలి. పెట్టకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు.

చరిత్ర విషయానికి వస్తే, మన ప్రాంతపు అనుభవమే మనకు పాఠం చెబుతుంది. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగురవేయడానికి చేరిన జనం మీద నిజాం పోలీసులూ రజాకార్లూ కాల్పులు జరిపారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు పడి, బురుజు ఎక్కి ఊరిని కాపాడుకోజూసినవారితో సహా పదుల మందిని చంపారు. ఆ బురుజు నేటికీ ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసిన తరువాత హైదరాబాదు రాజ్యంలోని పలు జిల్లాల్లో ముస్లిముల మీద జరిగిన హింసను విచారించడానికి పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో వచ్చిన బృందం, మృతులు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు, దశాబ్దాల తరువాత, 2013లో గాని పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు. సుందర్‌లాల్ బృందం రాసినది వైట్‌వాష్ కాదు, దానిని బీరువాలో పెట్టి తాళం వేయడమే వైట్‌వాష్.

నేడు సెప్టెంబరు 17ను కొందరు విమోచన దినమంటారు, కొందరు విలీన దినమంటారు, మరికొందరు విద్రోహ దినమంటారు. ప్రభుత్వాలు కూడా దానిని సమైక్యతా దినంగానూ ప్రజాపాలన దినోత్సవంగానూ జరిపాయి. పేరు ఏది పెట్టినా మాకు అభ్యంతరం లేదు. పరకాలనూ బైరాన్‌పల్లినీ తలచి, పోలీసు చర్య తరువాత చనిపోయినవారిని తలవనివారూ, వారిని తలచి పరకాలనూ బైరాన్‌పల్లినీ మరచినవారూ ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం పెడుతున్నారు. దొరల గడీల్లో వెట్టి చేసి, నిజాం పాలనలోనూ దాని తరువాతా తుపాకులకు ఎదురు నిలిచిన రైతుకూలీలను ఈ రెండు పక్షాలూ మరచిపోవడం ఇంకా పెద్ద లోటు. మీ పరిశోధన ఈ కాలం మీదనే అయితే, ఏ ఊరికి వెళ్లినా ఇరుపక్షాల ఇళ్లలోని వృద్ధుల మాటలను ఇప్పుడే రికార్డు చేయండి. ఆ తరంలో మిగిలినవారు బహు కొద్దిమంది.

ప్రశ్న: సిరీస్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడిపోతే వైట్‌వాష్ అంటారు. అందులో దాచేది ఏముంది?
– ఒక విద్యార్థి, కరీంనగర్

సమాధానం: దాచేది ఏమీ లేదు. అక్కడ తీసుకున్నది తెలుపు ఒక్కటే. ఓడిన జట్టు గెలుపుల గడిలో ఒక్క గీతైనా లేకుండా ఖాళీగా ఉండిపోయిందని భావం. 2024లో న్యూజీలాండ్ మన గడ్డ మీదనే మూడు టెస్టులూ గెలిచినప్పుడు పత్రికలు ఆ మాటను వాడాయి; 2013లో మన జట్టు ఆస్ట్రేలియాను 4–0తో ఓడించినప్పుడూ వాడాయి, ఆ నాలుగింటిలో ఒకటి హైదరాబాదులో జరిగింది.

ప్రశ్న: హాలీవుడ్ సినిమాల గురించి రాసేటప్పుడు కూడా వైట్‌వాషింగ్ అంటున్నారు. అది మన సినిమాలకు వర్తిస్తుందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

సమాధానం: తెల్లజాతికి చెందని పాత్రను తెల్లజాతి నటులకు ఇవ్వడాన్ని అక్కడ ఆ మాటతో విమర్శిస్తారు. 1937లో చైనా రైతు కుటుంబం కథను సినిమాగా తీసినప్పుడు కథానాయిక పాత్రను జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్‌కు ఇచ్చారు, ఆమెకు ఉత్తమ నటిగా ఆస్కార్ కూడా వచ్చింది. ఆనాటికే పేరున్న చైనా సంతతి అమెరికన్ నటి ఆనా మే వాంగ్‌కు ఆ పాత్ర దక్కలేదు. కథానాయకుడిగా తెల్లజాతి నటుణ్ణి తీసుకున్నందువల్ల, వేర్వేరు జాతుల నటీనటులు భార్యాభర్తలుగా కనిపించకూడదన్న ఆనాటి నియమం కూడా ఆమెకు అడ్డయింది. అంటే ఒక పూత మీద మరొక పూత పడింది.

మన దగ్గర జాతి ప్రశ్న అదే రూపంలో లేదు గాని, చామనచాయ పల్లె పడుచు పాత్రకు తెల్లని నటిని తెచ్చి మొహానికి నల్లరంగు పూయడం మనమంతా చూసినదే. ఎండలో నాట్లు వేసే, బీడీలు చుట్టే మన ఆడవాళ్ల వంటి మొహం తెరకు పనికిరాదని చెప్పడమే అందులోని భావం. ఎంతో కాలం తెలంగాణ మాటను తెర మీద రౌడీలకూ హాస్యగాళ్లకూ మాత్రమే పంచిపెట్టడాన్ని కూడా మేము దీని పక్కనే పెడతాము. ఈ మధ్య వస్తున్న సినిమాల్లో మన పల్లెలూ మన మాటా మన మొహాలతోనే కనిపిస్తున్నాయి, ఆ మార్పు ఇంకా చాలా దూరం పోవాలి.

ప్రశ్న: మా ప్రాంతంలో పొగగొట్టాల పక్కనే మొక్కలు నాటి పచ్చదనం ప్రకటనలు వేస్తుంటారు. దీనికి కూడా ఒక పేరు ఉందట కదా?
– ఒక కార్మికుడు, గోదావరిఖని

సమాధానం: ఉంది. దానిని గ్రీన్‌వాషింగ్ అంటారు. తువ్వాళ్లను మళ్లీ వాడి పర్యావరణాన్ని కాపాడండని అతిథులను కోరే హోటళ్ల తీరును విమర్శిస్తూ 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ రాసిన వ్యాసంతో ఆ మాట వాడుకలోకి వచ్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో దీని మీద మార్గదర్శకాలు తెచ్చింది. “పర్యావరణహితం” వంటి మాటలను ఆధారం చూపకుండా ప్రకటనల్లో వాడకూడదని వాటి సారం. మొక్కలు నాటడం మంచిదే, అయితే గొట్టం నుంచి వచ్చే ధూళి లెక్కలు కూడా ఆ బోర్డు మీదనే రాయమని అడగవలసినది మీరే.

ప్రశ్న: మా ఊళ్లో కాకతీయుల కాలం నాటిదని చెప్పే చిన్న శివాలయం ఉంది. ప్రతి శివరాత్రికీ స్తంభాలకు సున్నం వేస్తూ రావడం వల్ల చెక్కడాలన్నీ పూడిపోయాయి. ఒక స్తంభం మీద సున్నం పెచ్చు ఊడిన చోట అక్షరాలు కనిపిస్తున్నాయి. యంత్రంతో ఇసుక కొట్టించి అంతా శుభ్రం చేయిద్దామని కమిటీ అనుకుంటోంది. ఇది సరైనదేనా?
– ఒక ఆలయ కమిటీ సభ్యుడు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా

సమాధానం: మీ ఉత్తరం చదివి మేము చాలా ఆనందించాము, ఆ వెంటనే భయపడ్డాము కూడా. దయచేసి ఆ యంత్రాన్ని గుడి దగ్గరికి రానివ్వకండి. ఒత్తిడితో కొట్టే ఇసుక సున్నాన్నీ రాతి పైపొరనూ వేరుచేసి చూడదు. స్తంభాల నునుపు, నగల మీది సన్నని గీతలు, అక్షరాల అంచులు ఒక్క రోజులో పోతాయి. పోయినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఇనుప బ్రష్షులు, ఆమ్లాలు కూడా అంతే హానికరం.

ఏళ్ల తరబడి సున్నం వేసిన మీ పెద్దలను తప్పుపట్టవలసిన పని లేదు. వారు భక్తితో, గుడి శుభ్రంగా ఉండాలని వేశారు. ఆ పొరలు వానకూ ఎండకూ కొంత అడ్డు నిలిచి, కింది చెక్కడాన్ని మీ కాలం దాకా కాపాడి ఉండవచ్చు కూడా. ఇక మీదట మాత్రం రాతి మీద సున్నం వేయకండి. వేయాలనిపిస్తే ప్రహరీ గోడకు వేయండి, కింద జాజు పట్టీ దిద్దండి.

ఆ అక్షరాల విలువ ఎంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం ఉంది. రుద్రదేవుడు ఎవరెవరిని జయించి స్వతంత్రుడయ్యాడో మనకు ప్రధానంగా దాని వల్లనే తెలిసింది. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించాడని చెప్పేది కూడా శాసనమే. ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఈ రెండు రాళ్లూ సున్నం కిందనే ఉండిపోయి ఉంటే కాకతీయుల చరిత్రలో ఎంత భాగం ఖాళీగా ఉండేదో ఊహించండి. మీ స్తంభం మీద దానమిచ్చిన ఒక రైతు పేరే ఉండవచ్చు, తవ్వించిన ఒక చెరువు హద్దులే ఉండవచ్చు. అవి కూడా చరిత్రే. రాజుల పేర్లకన్నా అటువంటివే మీ ఊరికి దగ్గరివి.

చేయవలసిన పని ఇది. గుడి పేరు, ఊరు, మండలం రాసి, అక్షరాల ఫొటోలు జతచేసి రాష్ట్ర వారసత్వ శాఖకూ జిల్లా కలెక్టరుకూ దరఖాస్తు పెట్టండి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఇటువంటి కట్టడాల రక్షణ కోసమే వచ్చింది. శాఖవారు వచ్చినప్పుడు సున్నాన్ని తడిపి, రాయికి గీత పడని చెక్క, వెదురు పనిముట్లతో పొరలు పొరలుగా తీస్తారు. అక్షరాలు తేలిన తరువాత తడి కాగితం అద్ది, సిరాతో నకలు తీసి చదివిస్తారు. వారు వచ్చేవరకు ఊడిన పెచ్చును గోటితో కూడా లాగవద్దని పిల్లలకు చెప్పండి. ఉదయపు ఏటవాలు వెలుగులో, పక్కన ఒక స్కేలు పెట్టి, ఆ స్తంభాన్ని నాలుగు వైపులా ఫొటోలు తీయించి కమిటీ రికార్డులో ఒకటి, పంచాయతీ కార్యాలయంలో ఒకటి ఉంచండి. నకలు తీసిన తరువాత అందులో ఏముందో మాకు కూడా రాయండి, ఈ పేజీలోనే అచ్చు వేస్తాము.